గోడకెక్కిన పెళ్లిపూలు

పెళ్లి కుదిరిన ఇంట్లో పూల మాట వచ్చేసరికి ఈమధ్య అన్ని చోట్లా ఒకే సంభాషణ నడుస్తోంది. డెకరేటర్ ట్యాబ్‌లో ఫొటోలు ఒక్కొక్కటే జరుపుతూ చూపిస్తాడు. లేత గులాబీ రంగు, మీగడ తెలుపు, మధ్యమధ్య బూడిద పూసినట్టున్న ఆకులు. పెళ్లికూతురి తల్లి మొహమాటంగా "బంతిపూలు ఎక్కడైనా పెడతావా బాబూ?" అని అడుగుతుంది. "అవి హల్దీకి పెడదాం ఆంటీ. మెయిన్ స్టేజీకి పెడితే గుడిలా ఉంటుంది" అంటాడతను. "అమ్మా, ప్లీజ్" అంటుంది కూతురు. ఆవిడ ఇంక నోరెత్తదు.

ఆవిడ అడిగింది సరైన ప్రశ్న. ఆవిడను ఊరుకోబెట్టిన జవాబు మాత్రం తప్పు. ఆ జవాబు ఒక్క డెకరేటర్‌ది కాదు, ఇవాళ పెళ్లిళ్ల మీద రాజ్యం చేస్తున్న ఒక అభిప్రాయానిది. నాజూకైన పెళ్లి అంటే దూరదేశపు పువ్వు ఉండాలట. అంతా ఒకే వర్ణంలో ఉండాలట. వేదిక వెనక గోడంతా పూలతో నిండాలట. అది కెమెరాకు నచ్చితే చాలట, ముక్కుకు ఏమైనా తగిలిందా, చేతికి ఏమైనా అందిందా అన్నది లెక్కలోకి రాదట. ఈ అభిప్రాయంలో అందం గురించిన అవగాహన తక్కువనీ, పువ్వు గురించిన జ్ఞానం ఇంకా తక్కువనీ నా వాదన. డబ్బున్నవాళ్లు ఎలాగైనా చేసుకుంటారులే అని వదిలేయవచ్చు. కానీ ఇప్పుడు అప్పు చేసి పెళ్లి చేసే ఇంట్లో కూడా ఆ గోడ లేస్తోంది. గోడకు పోను మిగిలినదాంట్లో పెళ్లికూతురి జడకు రెండు మూరల పూలు కూడా సరైనవి రావడం లేదు. ఊరుకోలేకపోవడానికి కారణం అదే.

ముందు "గుడి పూలు" అన్న చిన్నచూపు సంగతి చూద్దాం. బంతి మన నేల మీద పుట్టిన పువ్వేమీ కాదు. మెక్సికో ప్రాంతంలో పుట్టి, పదహారో శతాబ్దం తర్వాత సముద్రం దాటి మన దాకా వచ్చింది. బజారులో లిల్లీ అని అమ్మే నేలసంపెంగ సొంతూరు కూడా మెక్సికోనే. చామంతి చైనా నుంచి వచ్చింది. కాబట్టి విదేశీ పువ్వు మీద నాకు కోపం లేదు. సంప్రదాయం మంటగలిసిపోతోందని గుండెలు బాదుకునేవాళ్ల పక్కన కూర్చునే ఉద్దేశమూ లేదు. ఈ పూలు మన పెళ్లిళ్లలోకి వచ్చింది శాస్త్రం చెప్పినందుకు కాదు. మన ఎండను తట్టుకున్నాయి, గోదావరి లంకల ఒండ్రులోనూ కుప్పం వైపు ఎర్రనేలల్లోనూ పండాయి, మన ఆడవాళ్ల వేళ్లకు అలవాటయ్యాయి. ఒక పువ్వు ఒక ఊరిదయ్యేది అలాగే. కెమెరాకు ఎంతో ప్రీతిపాత్రమైన పియొనీ అనే విదేశీ పువ్వుకు ఇక్కడ ఆ అవకాశం లేదు. చలికాలంలో గట్టి చలి తగలనిదే దాని దుంప మొగ్గ వేయదు. మన మైదానాల్లో అది ఎన్నడూ పూయదు. ఎప్పుడొచ్చినా పెట్టెలో పడుకుని విమానంలో రావాల్సిందే.

విమానంలో వచ్చింది కాబట్టి గొప్పదన్నది ఈ అభిప్రాయంలోని అసలు నమ్మకం. దానికి సాక్ష్యంగా ఎప్పుడూ విదేశాల పేరే చెబుతారు. అలాగైతే ఆ విదేశాల్లో పేరున్న పెళ్లిళ్లనే చూద్దాం. 2011 ఏప్రిల్‌లో వెస్ట్‌మినిస్టర్ అబేలో ప్రిన్స్ విలియం, కేట్ మిడిల్టన్‌ల పెళ్లి జరిగింది. ప్రపంచంలో ఏ మూల పూసిన పువ్వునైనా రాత్రికి రాత్రే తెప్పించుకోగల కుటుంబం అది. పూల అలంకరణ చేసిన షేన్ కానలీ చర్చి నడవలో కుండీల్లో బతికున్న చెట్లు నిలబెట్టారు: ఆరు ఫీల్డ్ మేపుల్స్, రెండు హార్న్‌బీమ్‌లు. రెండూ ఇంగ్లండు పొలాల గట్ల మీద పెరిగే చెట్లే. పెళ్లికూతురి చేతిలో బొకే చాలా చిన్నది. లిల్లీ ఆఫ్ ద వ్యాలీ, స్వీట్ విలియం, హయసింత్ లాంటి పూలు, ఐవీ ఆకులు, ఒక మర్టిల్ రెమ్మ. ఏప్రిల్‌లో ఆ దేశంలో దొరికే పూలు. 2023లో చార్లెస్ పట్టాభిషేకానికి కూడా అదే మనిషి, అదే పద్ధతి: బ్రిటన్ నలుమూలల ఆ నెలలో పూసిన పూలు తెప్పించారు. అంతకు చాలా ముందే కాన్స్టన్స్ స్ప్రై అనే ఆవిడ కేల్ ఆకులు, కంచెల్లో మొలిచే పిచ్చిమొక్కలు తెచ్చి లండన్ శ్రీమంతుల బల్లల మీద అలంకరించి ఆ కాలపు అభిరుచినే మార్చేసింది. 1953 పట్టాభిషేకపు అలంకరణల్లో ఆమెకూ చోటు దొరికింది.

వాళ్లు చేశారు కాబట్టి మనమూ చేయాలని ఈ ఉదాహరణలు చెప్పడం లేదు. శైలి అన్న మాటకు గీటురాయి అని మనవాళ్లు ఎవరిని అనుకుంటున్నారో, వాళ్లే తమ ఊరి పువ్వును, ఆ నెల పువ్వును ఎంచుకున్నారు. మన వేదికల మీద వాళ్ల పేరుతో నడుస్తున్నది మధ్యలో ఎవరో అల్లిన నకలు. లండన్ పెళ్లిలో ఇంగ్లండు గట్టు మీది చెట్టు నిలబడితే హుందా అయినప్పుడు, రాజమండ్రి పెళ్లిలో కడియం బంతి నిలబడితే నాటు ఎలా అయింది? ఈ ప్రశ్నకు జవాబు చెప్పగల డెకరేటర్ ఇంతవరకూ నాకు తారసపడలేదు.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. నిన్నమొన్నటి మన వేదికలన్నీ అందంగా లేవు. నారింజ, పసుపు, ఎరుపు కలగాపులగంగా గుచ్చి, వాటి వెనక థర్మాకోల్ ఏనుగుల్ని నిలబెట్టి, రంగురంగుల బల్బుల దండలు వేలాడదీసిన మండపాలు కళ్లు చెదరగొట్టేవి. వాటి మీద విసుగొచ్చి ఇప్పటి పిల్లలు లేత రంగుల వైపు మళ్లారు. ఆ విసుగు న్యాయమైనదే. అయితే దోషం పువ్వుది కాదు, గుచ్చినవాడిది. ఒక్క పసుపు చామంతిని తీసుకుని, ఇంకే రంగూ కలపకుండా, పచ్చి కొబ్బరి మట్టల అల్లిక మీద వరసలు కట్టి చూడండి. లిల్లీ కాడల్ని ఆకులతో సహా ఇత్తడి బిందెలో నిలబెట్టి చూడండి. బతుకమ్మలో పేర్చే పట్టుకుచ్చుల్ని, ఆ మఖమల్ ఎరుపును, ఒంటరిగా ఒక మట్టికుండలో పెట్టి చూడండి. ఆ పువ్వు తోబుట్టువుల్ని విదేశీ పూలకొట్లలో ఖరీదైన బొకేల్లో గుచ్చి అమ్ముతున్నారు. మనకు మాత్రం అది చేనుగట్టు పువ్వు, పండగ తొమ్మిది రోజులూ దాటితే ఎవరికీ పట్టదు.

కెమెరా వాదన దగ్గరికి వస్తాను. అందరూ లొంగిపోయేది దీనికే. "పెళ్లి ఒక్కరోజు ఆంటీ, ఫొటోలు జీవితాంతం ఉంటాయి" అంటారు. ఈ మాటలో ఉన్న అన్యాయం ఎవరూ గమనించడం లేదు. ఫొటో కోసం పువ్వును ఎంచుకున్న క్షణంలోనే దాని వాసన లెక్కలోంచి పోయింది. బరువు పోయింది, తడి పోయింది, చేతికి తగిలే మెత్తదనం పోయింది. మిగిలింది రంగు ఒక్కటే. రంగు ఒక్కటే కావాలంటే గుడ్డపువ్వు సరిపోతుంది. నిజానికి జరుగుతున్నదీ అదే. ఆ పూలగోడల్లో కంటి ఎత్తున రెండు వరసలు అసలు పూలు పెట్టి, పైనంతా పాలిస్టర్ పూలు బిగిస్తున్నారు. ఇవాళ ఈ పెళ్లి, రేపు ఇంకో ఊళ్లో ఇంకో పెళ్లి. ఫొటోలో తేడా తెలియదు కాబట్టి అడిగేవాడు లేడు. దూరంగా ఉన్న కెమెరాను మెప్పించడానికి, పక్కనే ఉన్న మనిషిని మోసం చేయడం ఇది.

నిజం పువ్వులు పెట్టినచోట కూడా వాసన ఉండదు. థాయిలాండ్ నుంచి వచ్చే ఊదారంగు ఆర్కిడ్లకు చెప్పుకోదగ్గ పరిమళం లేదు. హైడ్రేంజియాకూ అంతే. పాలీహౌసుల్లో పెంచి అట్టపెట్టెల్లో పంపే పొడుగు కాడల గులాబీల్లో చాలా రకాలకు, కోసిన తర్వాత ఎక్కువ రోజులు నిలవాలని వంశం మార్చుకుంటూ పోవడంలో సువాసన తగ్గిపోయింది. లక్షలు పోసి నింపిన హాల్లోకి అడుగుపెడితే ఏసీ గాలి, సెంటు, బిర్యానీ తప్ప ముక్కుకు ఏదీ తగలదు. అది పెళ్లివారిల్లని మీకు కళ్లు తెరిస్తేనే తెలుస్తుంది.

మన పెళ్లి పువ్వుకు గడియారం ఉండేది. నాకు ఈ విషయం తలచుకున్నప్పుడల్లా ఆశ్చర్యమే. మల్లెమొగ్గను తెల్లవారుజామున, విచ్చకముందే కోస్తారు. మైలవరం తోటల్లో ఎండ ఎక్కకముందే కోత అయిపోతుంది. పొద్దున బజారుకు చేరి, మధ్యాహ్నానికి దండగా మారి, సాయంత్రం జడలోకి ఎక్కుతుంది. అప్పటికీ అది మొగ్గే. చీకటి పడ్డాక విచ్చుకోవడం మొదలుపెట్టి, రాత్రి ఎక్కేకొద్దీ వాసన పెంచుకుంటుంది. లిల్లీ కూడా రాత్రే ఎక్కువ పరిమళిస్తుంది. మన ముహూర్తాలు చాలావరకు రాత్రివేళల్లో పడతాయి. వైశాఖంలోనో జ్యేష్ఠంలోనో ఏ రాత్రి పది గంటలకో జీలకర్ర బెల్లం పెట్టే వేళకు, పెళ్లికూతురి తల మీద సాయంత్రం మొగ్గలుగా ఎక్కినవన్నీ పువ్వులై ఉంటాయి. తల వంచిన పెళ్లికొడుక్కి ముందు తగిలేది ఆ వాసన. దీన్ని ఎవరో కూర్చుని పథకం వేశారని అనను. కానీ తరతరాలుగా ఆడవాళ్లు చేతులతో నేర్చుకున్న ఈ సమయజ్ఞానం ఏ ఈవెంట్ మేనేజర్ పట్టికలోనూ లేదు. అతని పట్టికలో పువ్వు మధ్యాహ్నం మూడు గంటలకే పూర్తిగా విచ్చి, ఫొటోగ్రాఫర్‌కు సిద్ధంగా నిలబడాలి.

మొగ్గలజడ కుట్టేవాళ్లను దగ్గర కూర్చుని ఎప్పుడైనా చూశారా? పెళ్లికూతురిని పీట మీద కూర్చోబెట్టి, సవరం పెట్టి జడ వేసి, దాని మీద పట్టీలా అరటి దొప్పో మందపాటి కాగితమో పరుస్తారు. మొగ్గల్ని ముందే ఏరిపెట్టుకుంటారు. పొడుగువి ఒక గిన్నెలో, పొట్టివి ఇంకో గిన్నెలో. ఒకే కొలత మొగ్గల్ని తొడిమలు ఒకే వైపు ఉండేలా సూదికెక్కించి, జడ ఈ అంచు నుంచి ఆ అంచుకు అడ్డంగా పరిచి కుడతారు. పైన వెడల్పు, కిందికి పోయేకొద్దీ సన్నం. అందుకని కింది వరసలకు చిన్న మొగ్గలు దాచి ఉంచుతారు. మధ్యలో కనకాంబరాలతో ఒక వంకీ, అంచున మరువం పచ్చదనం. కనకాంబరానికి రంగే తప్ప వాసన లేదు. ఆ లోటు మరువం, దవనం తీరుస్తాయి. కుట్టే ఆవిడ పంటితో దారం తెంపుతూ, "అమ్మాయ్, కాసేపు తల తిప్పకు" అంటూ ఉంటుంది. చుట్టూ పిల్లలు చేరి రాలిన మొగ్గలు ఏరుకుంటారు. రంగుల పొందిక, కొలత, పరిమళం, కట్టడం అన్నీ తెలిసిన ఇలాంటి పని వేరే దేశంలో ఉంటే దానికి కళాశాల పెట్టేవాళ్లు.

దీని బదులు ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఆర్డరిచ్చిన పూలజడ వస్తోంది. అట్టముక్క మీద గ్లూ గన్‌తో అతికించిన గులాబీ రేకులు, రంగు చల్లిన జిప్సీ పూలు, మధ్యలో ముత్యాల్లాంటి ప్లాస్టిక్ పూసలు. వేడి జిగురు తగిలిన రేకు గంటలో నల్లబడుతుంది. అందుకే వెండి కాగితమూ మెరుపు పొడీ. జడకు పిన్నులతో బిగిస్తే మెడ తిప్పినప్పుడల్లా అట్ట గుచ్చుకుంటుంది. నలుగు రోజున పెట్టే పూలనగలైతే మరీ అన్యాయం. గుడ్డపూలకు గోటా అంటించినవి డబ్బాలో వస్తున్నాయి. చెవులకు, చేతులకు, నడుముకు పువ్వులు కట్టుకోవడంలోని సుఖం చల్లదనం. పసుపు రాసుకుని ఎండపొద్దున కూర్చున్న పిల్లకు, తడి ఆరని చామంతులో లిల్లీ మొగ్గలో మణికట్టుకు తగిలితే ప్రాణం లేచొస్తుంది. పాలిస్టర్ పువ్వు చేసేది చెమట పట్టించడం ఒక్కటే.

దండల మాట కూడా చెప్పాలి. పెళ్లికూతురి మోకాళ్ల దాకా వేలాడే గులాబీ రేకుల దండలు ఇప్పుడు గొప్ప. చూడటానికి నిండుగా ఉంటాయి, నిజమే. వాటిని మెడలో వేసుకుని గంటసేపు ఫొటోలకు నిలబడిన పిల్లను అడగండి బరువెంతో. దండలు మార్చుకునే ఆ నిమిషం తేలిగ్గా, నవ్వుతూ జరగాల్సింది. అంత బరువు దండను ఎత్తడానికే ఇద్దరు పక్కనుంచి సాయం పట్టాల్సి వస్తోంది. నడుము దాకా వచ్చే లిల్లీ దండ, మధ్య మధ్య నాలుగు గులాబీలు, చివర ఒక చెండు చాలు. నిండుదనం కావాలంటే దండ కట్టు దగ్గరగా ఉండాలి కానీ పొడుగు పెరగక్కర్లేదు.

"మన పూలు నిలవవండీ, లైట్ల కింద వాడిపోతాయి" అనేది ఇంకో పెద్ద వాదన. మల్లె విషయంలో ఇది నిజం. మల్లె తెల్లారేసరికి నలుగుతుంది, ఆ నలగడం దానికి తప్పదు. అందుకే దాన్ని గోడకు కట్టకూడదు, జడలో పెట్టాలి. మిగతావాటి సంగతి మాత్రం తలకిందులుగా ఉంది. బంతీ చామంతీ ఆరుబయట ఎండలో పెరిగి, గంపల్లో గోనెసంచుల్లో ప్రయాణం చేసి కూడా మర్నాటికి కళ తప్పవు. కనకాంబరం కోసిన తర్వాత కూడా గట్టిగా ఉంటుంది. చలిప్రదేశపు హైడ్రేంజియాకు విశాలమైన రేకులు, విపరీతమైన దాహం. నీళ్లు కాస్త తక్కువైతే గంటల్లో తలవాల్చేస్తుంది. బయట నలభై దాటిన మే నెలలో దాన్ని స్టేజీ లైట్ల కింద నిలబెట్టి, నిలవడం గురించి బంతికి పాఠం చెప్పడం ఏం న్యాయం?

ఆ తల నిలబెట్టడానికే ఆకుపచ్చ ఫోమ్ ఇటుకలు వచ్చాయి. డెకరేషన్ వాళ్లు ఒయాసిస్ అంటారు. బకెట్ నీళ్లలో వేస్తే నానుతుంది, కాడ గుచ్చితే పట్టుకుంటుంది. 1950లలో అమెరికాలో పుట్టిన సరుకు ఇది. ఫినాల్, ఫార్మాల్డిహైడ్‌లతో చేసిన ప్లాస్టిక్, మట్టిలో కలవదు. పెళ్లయిన మర్నాడు ఫంక్షన్ హాలు వెనక్కి వెళ్లి చూడండి. విరిగిన ఇటుకలు, వేలితో నలిపితే గోధుమపిండంత మెత్తగా రాలే పచ్చటి పొడి, దాంట్లో ఇంకా గుచ్చుకుని ఉన్న కాడలు. వాన పడితే ఆ పొడి నేరుగా కాలవలోకి. పూల ప్రదర్శనలకు ప్రపంచంలోనే పేరున్న బ్రిటన్ రాయల్ హార్టికల్చరల్ సొసైటీ 2021 నుంచి తన ప్రదర్శనలన్నిటిలో ఈ ఫోమ్‌ను నిషేధించింది. చార్లెస్ పట్టాభిషేకంలోనూ దీన్ని వాడలేదు. మనం మాత్రం ఇప్పుడిప్పుడే మండల కేంద్రాల్లోని హాళ్లకు దీన్ని చేరవేస్తూ, పైకి వస్తున్నామనుకుంటున్నాం. దారంతో కట్టిన బంతిదండకూ, అరటినారతో కట్టిన మల్లెమాలకూ ఈ గొడవ లేదు. నారతో సహా ఎరువు కుప్పలో వేయవచ్చు. వాడిన పూలకు విలువ కట్టడం కష్టమేమీ కాదని తిరుమల తిరుపతి దేవస్థానం 2021లో తన ఆలయాల్లో వాడిన పూలతో అగరుబత్తీలు చేయించి చూపించింది.

ఖర్చు విషయం. ఇంటి దగ్గర పూలు వాడితే చవకగా కనిపిస్తుందని భయపడేవాళ్లున్నారు. చవకగా చేయమని నేను అనడం లేదు. డబ్బు ఎక్కడ పెడుతున్నారో చూడమంటున్నాను. విమానపు కిరాయి, శీతల పెట్టెలు, మధ్యలో చేతులు మారిన కమీషన్లు, ఇనుప చట్రాలు, ఫోమ్. ఆ గోడ ఖర్చులో పెద్ద వాటా వీటిదే. ఇటు కడియపులంక పూలమార్కెట్‌కు తెల్లవారకముందే చుట్టుపక్కల లంకల నుంచి గంపలు దిగుతాయి. హైదరాబాద్ గుడిమల్కాపూర్‌కు చేవెళ్ల వైపు నుంచి, ఇంకా దూరం నుంచి బండ్లు వస్తాయి. లగ్గాలున్న రోజుల్లో ధర ఆకాశంలో ఉంటుంది, అవి దాటిపోగానే కోత కూలి కూడా రాక రైతు బంతిని చేలోనే దున్నేస్తాడు, లేదా రోడ్డు పక్కన పారబోస్తాడు. పెళ్లివారంతా ఒకే నెలలో ఒకే విదేశీ పువ్వు వెంట పరిగెత్తకుండా, కార్తీక మాఘాల్లో చామంతిని, వేసవిలో మల్లెను, ఎప్పుడూ దొరికే కనకాంబరాన్ని లిల్లీని అడిగితే, ఆ రైతుకు ముందే మాటిచ్చి పండించుకోవచ్చు. డబ్బున్న ఇల్లు చేయగల పని ఇది. అందులో ఉన్న దర్జా ఇంకెందులో ఉంది?

పువ్వు గోడకెక్కడం వల్ల ఇంకొకటి పోయింది, నాకు దాని మీదే ఎక్కువ బాధ. వచ్చిన అతిథికి పువ్వు అందడం ఆగిపోయింది. గుమ్మంలో పన్నీరు చల్లి, గంధం ఇచ్చి, ఆడవాళ్లకు తలా ఒక చిన్న పూలదండ చేతిలో పెట్టేవాళ్లు. ఎంత లేనివాళ్ల పెళ్లికి వెళ్లినా తలలో పువ్వుతో ఇంటికి తిరిగొచ్చేవాళ్లు. బస్సులో పక్కన కూర్చున్నవాళ్లకు కూడా తెలిసేది, ఈవిడ పెళ్లి నుంచి వస్తోందని. ఇప్పుడు ఎంట్రన్స్‌లో పూల ఆర్చ్ ఉంటుంది. దాని కింద నిలబడి ఫొటో దిగవచ్చు, ముట్టుకుంటే "మేడమ్, ప్లీజ్" అని వారిస్తారు.

అయితే ఆ పాత గుమ్మంలో ఒక క్రూరత్వం కూడా ఉండేదని మరచిపోకూడదు. పళ్లెం పట్టుకున్న పిల్ల భర్త పోయిన ఆడవాళ్ల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి వెనక్కి తీసుకునేది. ఒంటిచేత్తో బిడ్డను పెంచి పెద్దచేసి పెళ్లి చేస్తున్న తల్లి, తన కూతురి పెళ్లిలోనే తలలో పువ్వు లేకుండా వెనక వరసలో కూర్చునేది. చాలా ఇళ్లలో ఇప్పటికీ కూర్చుంటోంది. పువ్వును మనిషి దగ్గరికి తిరిగి తేవాలని వాదించేవాళ్లం ఈ సంగతి దాటేయకూడదు. పువ్వు తిరిగి వస్తే అందరి దగ్గరికీ రావాలి. ఆ పళ్లెంలోంచి మొదటి దండ ఆ తల్లి జడలోకే వెళ్లాలి, పెళ్లికూతురు తన చేతులతో పెట్టాలి. పురోహితుడు అడ్డం చెబుతాడేమోనని జంకక్కర్లేదు. వాళ్లమ్మ తలలో పువ్వు పెట్టడానికి పెళ్లికూతురికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. వేల పూలు పోసి గోడ కట్టే ఆధునికత ఈ ఒక్క మూర పూల దగ్గర ఎందుకు ఆగిపోతోందో, తమది కొత్తకాలపు పెళ్లి అని చెప్పుకునేవాళ్లు ఆలోచించాలి.

"ఎవరిష్టం వాళ్లది, పిల్లల సరదా" అనేది చివరి వాదన. ఇష్టాన్ని నేను కాదనను. కానీ విజయవాడలో, వరంగల్లో, తిరుపతిలో వందల మంది పిల్లలకు సరిగ్గా అవే పూలు, అవే రంగులు, అదే గుండ్రటి ఆర్చ్ ఇష్టమవుతున్నప్పుడు, అది ఎవరి ఇష్టమో అడగాల్సి వస్తుంది. డెకరేటర్ ఆల్బమ్‌లో లేనిదాన్ని ఇష్టపడే అవకాశం ఆ పిల్లకు ఎవరిచ్చారు? న్యూజెర్సీలో స్థిరపడిన తెలుగు కుటుంబం జూన్ మొదట్లో పెళ్లి చేస్తూ పియొనీలు పెట్టుకుంటే నేను మెచ్చుకుంటాను. అక్కడ అప్పుడు పెరట్లో పూసేది అదే. దాని పక్కన, ఎవరో బంధువు ఐస్ డబ్బాలో జాగ్రత్తగా తెచ్చిన మల్లెలు జడలో పెట్టుకుంటే ఇంకా మెచ్చుకుంటాను. ఆ పెళ్లికూతురికి తను నిలబడ్డ నేలా తెలుసు, తన తలా తెలుసు. అదే పియొనీ వైశాఖ మాసంలో గుంటూరుకు వచ్చిందంటే, నేలా నెలా తెలియనివాళ్లు తెచ్చారని అర్థం.

కాబట్టి డెకరేటర్ వచ్చి ట్యాబ్ తెరవబోతే ఒక్క నిమిషం ఆగమనండి. పెళ్లి ఏ నెలలో, ముహూర్తం ఏ గంటకు, ఆ వారం మన బజారుకు ఏ పూలు దిగుతాయి అని ముందు అతన్నే అడగండి. జవాబు తెలియకపోతే అతను చట్రాలు కట్టడానికి పనికొస్తాడు, పూలు ఎంచడానికి పనికిరాడు. గోడకు అనుకున్న డబ్బులో సగం తీసి పక్కన పెట్టండి. అందులోంచి జడ కుట్టే ఆవిడకు, మాలలు కట్టే నలుగురికి, వాళ్లు అడిగినదానికి పైన ఇవ్వండి. ఫోమ్ వాడకూడదని కాగితం మీద రాయించుకోండి. ఇత్తడి బిందెలు, మట్టికుండలు, అరటి బోదెలు, కొబ్బరి మట్టలు వేదికకు సరిపోతాయి. జడ కుట్టేవాళ్లు ఇప్పుడు ప్రతి ఊళ్లోనూ లేరు, ఉన్నచోట లగ్గాల నెలలో దొరకరు. ముహూర్తం పెట్టుకున్న వారంలోనే వెళ్లి మాట తీసుకోవాలి. వీలైతే ఇంట్లో ఆడపిల్లల్నీ మగపిల్లల్నీ ఒక సాయంత్రం ఆవిడ పక్కన కూర్చోబెట్టాలి, సూదికి మొగ్గ ఎలా ఎక్కుతుందో ఒక్కరైనా నేర్చుకుంటారు.